కాల్ వలి అంటే చాలదు

మా ఇంట్లో కాలి నొప్పికి ఎన్ని మాటలున్నాయో మొన్న సెలవుల్లో లెక్కపెట్టినాను. లాగుడు, పీకుడు, సలుపు, పోటు, మంట, తిమ్మిరి, పిక్క పట్టుకోవడం. ఇవన్నీ ఒకటి కావు. రాత్రి నిద్రలో పిక్క రాయి మాదిరి బిగుసుకొని కేక పెట్టి లేస్తామే, అది పట్టుకోవడం. జ్వరంలో కాళ్ళంతా ఉండేది పీకుడు. ముల్లు విరిగి చీము పట్టిన చోట ఉండేది సలుపు. మా అవ్వ ఒకదాన్ని ఇంకొకదానితో కలిపి చెప్పదు.

ఆసుపత్రికి పోతే మాత్రం అన్నీ కలిసి ‘కాల్ వలి’ అయిపోతాయి. తమిళంలో మాటలు లేక కాదు. కుడైచ్చల్ అంటారు, మరత్తు పోవడం అంటారు. ఇంట్లో తెలుగు, బళ్ళో పాఠాల తమిళం నేర్చిన మాకు ఆ మాటలు సమయానికి నోటికి రావు, అంతే. అంచెట్టి పక్క పల్లెల్లో ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు.

మా అవ్వకు నాలుగేండ్లుగా కాళ్ళ నొప్పి. మెడికల్ షాపులో ‘కాల్ వలి’ అంటే మూడు మాత్రల పొట్లం ఇచ్చేవాళ్ళు. వేసుకుంటే ఆ పూటకు తగ్గేది. ఇంట్లో దాని గురించి ఒక తగాదా కూడా నడిచింది. రేషను అంగడిదాకా నడవమంటే అవ్వ సగం దారిలో ఎవరింటి అరుగు మీదో కూలబడేది. అదే అవ్వ రాగి చేలో వంగి పొద్దుగూకేదాకా కలుపు తీసేది. "కలుపుకు లేని నొప్పి అంగడికి యాడినుంచి వస్తుందో" అని అమ్మ అనేది. అవ్వ మారు మాట్లాడేది కాదు. ఆ పూట సంగటి తినకుండా పడుకునేది. అమ్మ చెడ్డది కాదు. కంపెనీలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చిన మనిషి, నీళ్ళు, రేషను, వంట అన్నీ తన నెత్తినే పడతాయి. ఎవరు చూసినా అట్లనే అనుకుంటారు.

పోయిన ఏడాది అవ్వను బస్సులో అడవి దారి దాటించి డెంకణికోటకు, అక్కడినుంచి హోసూరుకు తీసుకుపోయినాను. డాక్టరమ్మ తమిళామె. నేను ‘కాల్ వలి’ అనగానే ఆమె రాసుకోలేదు. ఎక్కడ మొదలవుతుంది, ఎప్పుడు వస్తుంది, ఏం చేస్తే పోతుంది అని అడిగింది. నేను అవ్వ వైపు తిరిగినాను.

"నిలబడినా నడిచినా నడుం కాణ్ణుంచి పిక్కల్లోకి లాగతా వస్తాది పాపా. పాదాలు తిమ్మిరెక్కి చీమలు పాకినట్ల ఉంటాది. కూకుంటే పోతాది. వంగి పని చేస్తే రానే రాదు."

ముక్క ముక్కగా తమిళంలో చెప్పినాను. తిమ్మిరికి మాట రాక నా చేతి మీద వేళ్ళతో చీమలు పాకించి చూపించినాను. ‘వంగితే రాదు’ అన్నది విన్నాక డాక్టరమ్మ మళ్ళీ ఒకసారి అడిగింది, సరిగా విన్నానా అని. అవ్వ పాదాల మీద, చీలమండల వెనక నాడి పట్టి చూసింది. బాగానే ఉంది. రక్తనాళాలు పూడుకుపోతే కూడా నడిచేటప్పుడు పిక్కలు పట్టేస్తాయట. బీడీ తాగేవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు అది ఎక్కువ. కానీ ఆ నొప్పి ఊరికే నిలబడినా తగ్గుతుంది, వంగాల్సిన పని లేదు.

అవ్వది కాలి జబ్బు కాదు, నడుముది. వెన్నెముక లోపల నరాలు దిగే దారి ఒకటి ఉంటుంది. వయసు మీదపడే కొద్దీ ఎముక పెరిగి, లోపలి పొరలు మందమై ఆ దారి ఇరుకవుతుంది. నిటారుగా నిలబడితే ఇంకా ఇరుకు, ముందుకు వంగితే కొంచెం విప్పుకుంటుంది. అందుకే కలుపు తీయగలదు, అంగడికి పోలేదు. తరువాత తీసిన స్కాన్‌లో కూడా అదే కనిపించింది. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి అవ్వ కంచంలో ఇంకో ముద్ద వేసింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఇన్నేండ్లు మింగిన నొప్పి మాత్రలకు మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయి. అవి మాన్పించినారు. వెల్లకిల పడుకొని మోకాళ్ళు ఎదకు తెచ్చుకునే వ్యాయామం, చేతికి కర్ర, కొంచెం కొంచెంగా ఆగి నడవడం చెప్పినారు. కాళ్ళలో బలం తగ్గితే ఆపరేషన్ ఆలోచించాలి, ఒంటికి పోవడం అదుపు తప్పితే మాత్రం ఆ రోజే రావాలి అన్నారు.

"ఏ నీళ్ళు తాగుతారు?" అని కూడా డాక్టరమ్మ అడిగింది. నీళ్ళకూ కాళ్ళకూ ఏం సంబంధమా అనుకున్నాను. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల బోరు నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దారి లేకుంటే 1.5 దాకా. అంతకు మించిన నీళ్ళు ఏండ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి, వెన్నులో ఆ దారి కూడా ఇరుకవుతుంది. నల్గొండ సంగతి మనం విన్నదే. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును డాక్టర్లు గుర్తించి రాసినారు. మన రెండు జిల్లాలకు జపాన్ అప్పుతో కట్టిన హొగెనకల్ నీటి పథకం 2013లో మొదలైంది. కావేరి మాకు అంత దగ్గర, మా అవ్వ మాత్రం బతుకంతా బావి నీళ్ళు, బోరు నీళ్ళే తాగింది. అవ్వది వయసు వల్లనే ఎక్కువ అని డాక్టరమ్మ అన్నది.

మన వయసు వాళ్ళకు ఇవన్నీ దూరం అనిపించవచ్చు. ఒకటి మాత్రం దూరం కాదు. ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా ఎర్రగా ఉండి నొప్పి పుడితే అది లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు అయిన మొదటి ఆరు వారాల్లో, ముఖ్యంగా సిజేరియన్ తరువాత, ఇది రావడానికి ఎక్కువ వీలు. గర్భం రాకుండా వాడే కొన్ని మాత్రలతో కూడా రావచ్చు. బాలింత కాలు వాస్తే ఆముదం కాచి పిక్కలు పిసకడం మన ఇళ్ళల్లో ఉన్నదే. ఈ వాపును మాత్రం పిసకకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం, ఎదలో పోటు వస్తే క్షణం ఆగకూడదు. డాప్లర్ స్కాన్ తీసి, రక్తం పలచబడే మందు ఇస్తారు.

అమ్మ పిక్కల మీద నీలి నరాలు తాళ్ళ మాదిరి తేలినాయి, సాయంత్రానికి రెండు కాళ్ళూ బరువెక్కుతాయి. దానికి కాళ్ళు ఎత్తులో పెట్టుకోవడం, బిగుతు మేజోళ్ళు. రెండోదానికి అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

అవ్వ మాటలకు ఎదురుగా తమిళ మాటలు ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఈ వ్యాసం కింద ఒక ఖాళీ కాగితం అతికించినాను. మీ ఇళ్ళల్లో కాలి నొప్పికి ఏ ఏ మాటలున్నాయో, ఏ నొప్పికి ఏ మాటో రాయండి. బాగలూరు, సూళగిరి వైపు వాళ్ళు తప్పకుండా రాయాలి, మీ మాటలు మావి కావని తెలుసు.