అఖ్బార్‌లో చుట్టిన డబ్బా

పోయిన నెల అమ్మీని చూడ్డానికి దంతాలపల్లి పోయాను. ఆమె బీపీ గోలీలు అయిపోయాయంటే వరంగల్-ఖమ్మం రోడ్డు మీదున్న మందుల దుకాణానికి నడిచాను. నాకంటే ముందు ఒక నౌజవాన్ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే పక్కకు జరిగాడు. "మీరు తీసుకోండన్నా, నాకు జల్దీ ఏం లేదు" అన్నాడు. గోలీలు తీసుకున్నాక కూడా నేను కదల్లేదు. చిల్లర లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను. చివరికి అతను కౌంటర్ మీదికి వంగి చిన్నగా ఏదో అడిగాడు. దుకాణంవాడు కింది అరలోంచి ఒక డబ్బా తీసి, పాత అఖ్బార్‌లో చుట్టి ఇచ్చాడు.

ఆ చుట్టడం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నాకూ అట్లాగే చుట్టి ఇచ్చేవాళ్లు. ఒకసారైతే చుట్టిన కాగితం మా పేపరే. విప్పి చూస్తే పైన నేను పంపిన వార్త, దాని కింద మగవాళ్ల తాకత్ మందు ఇష్తెహార్.

మా షాదీ 2008లో అయింది. రెండేళ్లు దాటేసరికి ఖాందాన్‌లో అడగడం షురూ చేశారు. అడిగేది నన్ను కాదు, నా బేగంను. ఏ దావత్‌కు పోయినా "కోయీ ఖుష్‌ఖబ్రీ?" అంటూ ఆమె పొట్ట వైపు చూసేవాళ్లు. అమ్మీ ఆమెను అన్నారం షరీఫ్ తీసుకెళ్లి మన్నత్ మొక్కించింది. ఖాలా తావీజ్ తెచ్చింది. వరంగల్‌లో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, ఆమెలో ఏ లోపమూ లేదంది. "మీ ఆయన్ని ఒక్కసారి తీసుకురామ్మా" అని కూడా అంది. నేను పోలేదు. డ్యూటీ అన్నాను, ఎలక్షన్లు అన్నాను.

ఒక వలీమాలో వెనక నుంచి ఎవరో "బాంఝ్" అన్నారు. బేగం విన్నది. నేనూ విన్నాను. తల ఎత్తకుండా బిర్యానీ తింటూనే ఉన్నాను.

నేను బడి ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో చదివినవాణ్ని. ఉర్దూలో బాంఝ్, తెలుగులో గొడ్రాలు. రెండు జబాన్లలోనూ ఆ మాట ఆడదాని కోసమే కాచుకుని ఉంది. మగాడికి నామర్ద్ అనే తిట్టు ఉంది గానీ అది వేరే సంగతి. మర్దానగీకి ఏ కమీ లేకపోయినా ఔలాద్ కలగకపోవచ్చు, కారణం మగాడిలోనే ఉండొచ్చు. దాన్ని చెప్పడానికి మా ఇంట్లో ఏ లఫ్జూ లేదు. లఫ్జ్ లేదు కాబట్టి అడిగేవాళ్లూ లేరు. ఆ ఖామోషీ చాటున నేను దాక్కున్నాను.

దాక్కుని డబ్బాలు మింగాను. జింకు, ఫోలిక్ యాసిడ్, సెలీనియం, విటమిన్ ఇ. నెల తనఖాలో కొంత అటే పోయేది. వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అందుకే దుకాణంవాడు "ఇంకో మూడు నెలలు వాడి చూడు" అన్న ప్రతిసారీ సబర్ చేయడం సబబే అనిపించేది. అట్లా మూడు నెలలు, మూడు నెలలుగా నాలుగేళ్లు పోయాయి.

చివరికి నన్ను డాక్టర్ దగ్గరికి పంపింది ఔలాద్ బాధ కాదు, తలనొప్పి. 2014లో హైదరాబాద్‌లో ఒక డాక్టర్ తలనొప్పి గురించి అడుగుతూ అడుగుతూ "పిల్లలెంతమంది?" అన్నాడు. లేరన్నాను. ఆయన కలం ఆగింది. రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చూపించమన్నాడు. మగవాళ్లలో ఇరవై లోపు ఉండాల్సింది నాకు వందల్లో వచ్చింది. తర్వాత ఎమ్మారై తీశారు.

ఆ తస్వీర్ ఇప్పటికీ నా కళ్ల ముందుంది. మెదడు కింద ఎముకలో చిన్న గుంట ఉంటుంది. దాన్ని సెల్లా టర్సికా అంటారు, తుర్కీ జీను అని అర్థం. ఆ జీను మీద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి కూర్చుంటుంది. నాకు అక్కడ పద్నాలుగు మిల్లీమీటర్ల గడ్డ. క్యాన్సర్ కాదు. కానీ అది వదిలే ప్రొలాక్టిన్ వల్ల, వీర్యకణాలు తయారు చేయమని మెదడు నుంచి వెళ్లాల్సిన హుకుం ఆగిపోతుంది. నేనేమో హుకుమే అందని కార్ఖానాకు డబ్బాల కొద్దీ ముడిసరుకు పంపుతున్నాను.

"ఫొటో ఒక్కటే చాలదా?" అని అడిగాను. చాలదన్నాడు డాక్టర్. ఏ బీమారీ లేని మామూలు మనుషులకు ఎమ్మారై తీసినా పదిమందిలో ఒకరికి ఆ గ్రంథిలో చిన్న మచ్చ కనిపిస్తుందట. తస్వీర్ ఒక గవాహ్, రక్తం ఇంకో గవాహ్. ఇద్దరూ ఒకే మాట చెబితేనే ఫైసలా. ఆపరేషన్ లేకుండా వారానికి రెండుసార్లు కేబర్‌గోలిన్ గోలీ ఇచ్చాడు. మరుసటి ఏడు తీసిన ఎమ్మారైని పాతదాని పక్కన పెట్టి, అదే కోణంలో, అదే పొరలో కొలిచి చూపించాడు. గడ్డ సగానికి తగ్గింది. ఇప్పుడు ఆ హద్దులు గీసి ఘనపరిమాణం లెక్కగట్టే పని కంప్యూటర్లతో కూడా చేయిస్తున్నారు.

2016లో మాకు బేటీ పుట్టింది. అమ్మీ అన్నారం షరీఫ్ పోయి మన్నత్ తీర్చుకుంది. నేను అప్పుడు కూడా ఏమీ చెప్పలేదు.

2020 జనవరిలో డెస్క్‌లో ఆరోగ్యం పేజీ చూస్తుంటే అమెరికా పరిశోధన ఒకటి వచ్చింది. 2,370 జంటలు. మగవాళ్లలో సగంమందికి ఆరు నెలలు జింకు, ఫోలిక్ యాసిడ్. మిగతా సగానికి అట్లాగే కనిపించే ఉత్తి గోలీలు. గోలీలు మింగినవాళ్లలో నూటికి 34 మందికి బిడ్డలు పుట్టారు, ఉత్తివి మింగినవాళ్లలో 35 మందికి. వీర్యం కూడా మెరుగుపడలేదు. కడుపులో గడబిడ మాత్రం మందు మింగినవాళ్లకే ఎక్కువ. అంతకంటే చిన్న పరిశోధనలు కొన్ని ఫాయిదా ఉందన్నాయి గానీ, వాటి మీద భరోసా పెట్టుకునేంత బలం లేదు. ఇక ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కొందరు మగవాళ్లలో వై క్రోమోజోమ్‌లోనే ముక్కలు లేవని ఎప్పుడో చూపించారు. లేని ముక్కను ఏ పొడి తెస్తుంది? కొందరు తాకత్ కోసమని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటారు. అవి వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి.

ఆ వార్త ఇంటికి తెచ్చి బేగంకు చదివి వినిపించాను. ఆమె మొత్తం విని, "ఆ వలీమా రోజు మీకు వినబడిందా?" అంది. ఆరేళ్లుగా అడగాలనుకున్న మాట కాదది, అంతకంటే పాతది. వినబడిందన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. మాఫీ అడిగాను, ఇచ్చింది. ఇచ్చినా ఆ రోజు వెనక్కి రాదు.

ఆమె ఇజాజత్‌తోనే ఇదంతా రాస్తున్నాను. అమ్మీకి కూడా పోయిన నెలలోనే చెప్పాను, ఆ దుకాణం నుంచి ఇంటికి పోయాక.

దుకాణం బయట ఆ నౌజవాన్‌ను ఆపి చాయ్ తాగుదామన్నాను. డబ్బా వైపు చూస్తే, "నాకు కాదన్నా, దోస్త్‌కు" అన్నాడు.

"తమ్ముడూ, మీ దోస్త్‌ను ముందు ఒక పరీక్ష చేయించుకోమను. వీర్య పరీక్ష. తేడా వస్తే రక్తం చూపించమను. కారణం తెలిశాకే మందు. భార్యను ఒక్కదాన్నే తిప్పొద్దను" అన్నాను.

"మీకెట్ల తెలుసు?"

"నాకూ ఒక దోస్త్..." అని మొదలుపెట్టాను. నోరు అలవాటు చొప్పున అట్లా అనేసింది. ఆపి, మళ్లీ చెప్పాను.

"దోస్త్ కాదు, నాకే."

అతను డబ్బాను బల్ల మీద పెట్టాడు. చాలాసేపు కాగితం విప్పలేదు. తర్వాత "ఆ పరీక్షకు ఎంతయితదన్నా?" అని అడిగాడు.