కేకలు పెట్టే రోగి ముందా, పెట్టని రోగి ముందా?

ఆదివారం నాడు ఆబిడ్స్‌లో దుకాణాలు మూసివుంటే వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల అంగళ్ళు వెలుస్తాయి. నవలల మధ్య నర్సింగు పోటీపరీక్షల గైడ్లు కూడా కనిపిస్తుంటాయి. 2023 ఆగస్టులో తెలంగాణలో స్టాఫ్ నర్సు పోస్టులకు రాతపరీక్ష జరిగింది. నెగ్గినవారికి 2024 జనవరి 31న, ఆ అంగళ్ళకు కాస్త దూరంలోనే వున్న లాల్ బహదూర్ స్టేడియంలో నియామక పత్రాలిచ్చారు. అలాంటి పరీక్షకు కూర్చోబోయే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో రోగిని కనిపెట్టుకుని వుండేవారూ చదవవచ్చు.

ఆ గైడ్లలో తరచు కనిపించే ప్రశ్న ఇది. వార్డులో నలుగురు. ఒకతను చెయ్యి విరిగి కేకలు పెడుతున్నాడు. ఒకతనికి 102 డిగ్రీల జ్వరం. ఒకామె ఆపరేషన్ కుట్లు లాగుతున్నాయంటోంది. నాలుగో ఆమెకు ఉబ్బసం. ఇందాకటి దాకా పిల్లికూతలు వినిపించాయి, ఇప్పుడు చప్పుడు లేదు, మగతగా వుంది. మీరు ముందు ఎవరి దగ్గరకు వెళతారు?

నాలుగో ఆమె దగ్గరకే. పిల్లికూత రావాలంటే గొట్టాలలో కొంతైనా గాలి ఆడాలి. అదీ తగ్గిపోతే కూత ఆగిపోతుంది. "హమ్మయ్య, నిద్రపట్టింది" అని ఇంటివాళ్ళు సంతోషిస్తారు. ఆ మాట వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. మొదట శ్వాసమార్గం, తరువాత శ్వాస, ఆ తరువాత రక్తప్రసరణ: వరుస ఇది. విరిగిన చేతికి మందు ఇవ్వవద్దని కాదు, అతని వంతు తరువాత.

ఇంకొక మెలిక వుంది. "ముందు రోగిని పరీక్షించాలి, తరువాత డాక్టరుకు కబురు చెయ్యాలి" అని బట్టీపట్టినవారు ఇక్కడ బోల్తా పడతారు. పెదవులు నీలమెక్కాయని, ఊపిరాడటం లేదని ప్రశ్నలోనే చెప్పేస్తే, మళ్ళీ బి.పి. చూస్తూ కూర్చోవడం ఎందుకు? లేపి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరును పిలవాలి. అన్నట్టు, ఈ గైడ్లలో తప్పు జవాబులకు కొదవ లేదు. కారణం రాయని జవాబును నమ్మకండి.

ఇక ప్రాథమిక సేవల్లో అందరూ చిన్నచూపు చూసేది ఊపిరి లెక్కపెట్టడం. నేను చూసిన కేసుషీట్లలో వార్డు మొత్తానికి వరసగా 20 అని రాసి వుండడం కద్దు. ఒక రాత్రి ఒక ట్రెయినింగు నర్సు మాత్రం, పక్క మంచం మీద ఎవరో గోల చేస్తుంటే, మూల మంచంలో కిక్కురుమనకుండా పడుకున్న అవ్వ దగ్గర నిమిషంసేపు నిలబడింది. "సార్, అవ్వకు 34 వుంది" అని వచ్చి చెప్పింది. తీరా చూస్తే న్యుమోనియా. అవ్వ పదోరోజున ఇంటికి నడిచి వెళ్ళింది.

లెక్కపెడుతున్నట్టు రోగికి తెలియకూడదు. తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, రొమ్ము వైపు చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పెద్దవారికి 12 నుంచి 20 మామూలు. పాతిక చేరితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

పిల్లల లెక్క వేరు. ఏడ్వకుండా వున్నప్పుడు, రెండు నెలల లోపు పసికందుకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ళ లోపువారికి 40, లేదా అంతకు మించి వుంటే వేగం ఎక్కువన్నమాటే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా తెల్లవారేదాకా ఆగకండి. నాంపల్లి ప్రాంతంవారికి రెడ్‌హిల్స్‌లో 1953 నాటి నీలోఫర్ పిల్లల ఆస్పత్రి దగ్గరే వుంది.

షుగరు రోగికి ఉన్నట్టుండి చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తే, మిషను దొరకలేదని ఆగకండి. స్పృహలో వుండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

ఇవాళ రాత్రి మీ ఇంట్లో నిద్రపోతున్నవారి పక్కన గడియారం పట్టుకుని కూర్చోండి. పదిమందిని అలా లెక్కపెట్టాక ఆ గైడు మళ్ళీ తెరవండి.