మూడు ఆదివారాల ప్రకటన

గుంటూరు జిల్లాలో ఓ లూథరన్ గుడి. ఆదివారం ఆరాధన ముగింపుకొస్తుంది. పాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని ఓ కాగితం తీస్తారు. ఫలానావారి కుమారుడికీ ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయాలి అని చదువుతారు. అలా మూడు ఆదివారాలు చదవాలి. ఆడవాళ్ల వైపు రెండో వరుసలో కూర్చునే టీచరమ్మ ఈ ప్రకటనలు నలభై ఏళ్లుగా వింటూనే ఉన్నారు. అందులో చాలామంది ఆమె దగ్గర సండేస్కూల్లో పాటలు నేర్చుకున్న పిల్లలే. ఆమె పేరు మాత్రం ఆ కాగితంలోకి ఎన్నడూ ఎక్కలేదు.

ఇలా ఉండిపోవాలని ఆమె మొక్కుకోలేదు. తండ్రి పోయేనాటికి ఆమెకు ఇరవై రెండు. వెనక ఓ చెల్లి, ఇద్దరు తమ్ముళ్లు. ట్రైనింగ్ అవగానే ఉద్యోగం వచ్చింది. సంబంధాలూ వచ్చాయి. 'చెల్లి పెళ్లి కానీ, ఆ తర్వాత చూద్దాం' అంది తల్లి. చెల్లి పెళ్లయింది. తమ్ముడి ఇంజినీరింగ్ మొదలైంది. ముప్పై అయిదు దాటాక వచ్చినవన్నీ రెండో పెళ్లి సంబంధాలే. వాటిలో రెండింటిని ఆమే వద్దన్నారు. ఆ తర్వాత అడిగేవాళ్లు తగ్గారు. ప్రార్థన చేసేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఏ ఇంట్లో కూడిక పెట్టినా చివర్లో ఎవరో ఒకరు 'మా సహోదరిని స్థిరపరచు ప్రభువా' అనేవారు. అప్పటికే ఆమెకు పదిహేనేళ్ల సర్వీసు. సొంతంగా కట్టుకున్న రెండు గదుల ఇంటి మీద అప్పు సగానికి పైగా తీరింది. ఇంకా ఎలా స్థిరపడాలో ఆమెకు బోధపడేది కాదు.

మన ఊళ్లలో పెళ్లికాని ఆడపిల్ల గురించి అన్ని మతాలవాళ్లూ ఇలాగే మాట్లాడతారు. కాకపోతే క్రైస్తవుల విషయంలో ఓ విచిత్రం ఉంది. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ ఏడో అధ్యాయంలో, పెళ్లికానివారు ప్రభువు పనుల మీద మనసు పెట్టగలరనీ, అలా ఉండటం కూడా దేవుడిచ్చే వరమేననీ చెప్పాడు. ఆ అధ్యాయం ఉన్న బైబిలే ప్రతి ఇంట్లోనూ ఉంది. పెళ్లిళ్లలో చదివే భాగాలు పిల్లలకు కూడా కంఠతా వస్తాయిగానీ, ఈ అధ్యాయం మీద ప్రసంగం విన్నవాళ్లు ఎందరుంటారు?

కేథలిక్కుల సంగతి కొంత నయం. పెళ్లి వద్దనుకున్న అమ్మాయికి మఠం ఉంది. అక్కడ తోటి సిస్టర్లుంటారు, భోజనం గంట ఉంటుంది, ముసలితనంలో చూసేవాళ్లుంటారు. లూథరన్, బాప్టిస్టు కుటుంబాల అమ్మాయికి అలాంటి గూడు లేదు. ఉంటే తమ్ముడి ఇల్లు, లేకపోతే తన ఇల్లు.

గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి పేరు విననివాళ్లు తక్కువ. ఎన్నో ఇళ్లలో అమ్మమ్మలూ తాతయ్యలూ పుట్టింది అక్కడే. ఆ పేరుగల మనిషి పెళ్లి చేసుకోలేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టారు. 1879లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. 1883లో గుంటూరు చేరేనాటికి వయసు 27. తమాషా ఏమిటంటే, మిషన్‌వారు ఆమెను పంపింది వైద్యం చేయడానికి కాదు. ఆడపిల్లల బడులు చూడటం, ఘోషాలో ఉండే స్త్రీలకు ఇళ్లకు వెళ్లి చదువు చెప్పడం... ఇదీ అప్పగించిన పని. ఆమె మందులు కూడా వెంట తెచ్చుకున్నారు. మగ డాక్టరు చేయి తాకడానికి ఒప్పుకోని ఇళ్లవి. అలాగే పరాయి దేశపు ఆడమనిషి తాకితే మైల అనుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ గుమ్మాల దగ్గరే ఓపికగా నిలబడ్డారామె. తర్వాత మిషన్‌వారూ దారికొచ్చారు. మధ్యలో స్వదేశానికి వెళ్లి డబ్బు కూడబెట్టుకొచ్చి, 1898లో ఆస్పత్రి తెరిచారు. ఏలూరు జమీందారు కృతజ్ఞతగా, రోగుల బంధువులు ఉండటానికి ఆస్పత్రి దగ్గర సత్రం కట్టించారు. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూశారు. సెలవులు పోను ఆ 47 ఏళ్లలో మిగిలిన కాలమంతా ఇక్కడే.

ఇక్కడ మరో మాట చెప్పుకోవాలి. కుగ్లర్‌కు పెళ్లి లేదుగానీ తోడు ఉంది. 1890ల్లో నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ వచ్చి ఆమెతో కలిశారు. ఆ రోజుల్లో స్త్రీల మిషన్ సంఘాలు పంపినవాళ్లలో ఎక్కువమంది అవివాహితలే. మిషన్ కాంపౌండే వాళ్లకు ఇల్లు. చిత్తూరు, నెల్లూరు, అనంతపురం జిల్లాలవాళ్లు రోగం ముదిరితే కాట్పాడిలో దిగి వెళ్లే వేలూరు ఆస్పత్రి కూడా ఓ అవివాహిత చేతి చలవే. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టారు. 1918లో ఆడవాళ్ల కోసం వైద్య పాఠశాల తెరిచారు. 'అయ్యో, ఒంటరిది' అని ఆమెను చూసి జాలిపడేవారెవరు?

వార్షికోత్సవ సభల్లో కుగ్లర్‌ను వేనోళ్ల పొగిడే సంఘమే టీచరమ్మను చూసి నిట్టూర్చడంలో ఏదో తిరకాసు ఉంది. ఆస్పత్రి కట్టినవాళ్లకే ఆ గౌరవం, ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పినవాళ్లకు లేదన్నమాట.

అలాగని టీచరమ్మకు బాధే లేదనుకుంటే పొరపాటు. క్రిస్మస్ రాత్రి ఆరాధన అయ్యాక అందరూ పిల్లల్ని భుజాన వేసుకుని వెళ్లిపోతారు. ఆమె తాళం తీసి లైటు వేసుకోవాలి. ఓసారి చికున్‌గున్యా వచ్చి కీళ్లు పట్టేసి, మంచం దిగి తలుపు తీయలేక, పాలబ్బాయి పిలుస్తుంటే వింటూ పడుకున్నారు. ఆ రోజు దేవుడి మీద కోపం వచ్చిందని దాచుకోకుండా చెబుతారు.

రిటైరయ్యే ముందు పింఛను కాగితాలు వచ్చాయి. నామినీ అన్నచోట ఆమె పెన్ను ఆగింది. ఆ వారమే హైదరాబాద్ నుంచి పెద్ద తమ్ముడు వచ్చాడు.

"ఒక్కదానివి, ఇంత ఇల్లు ఏం చేసుకుంటావక్కా? అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్. పిల్లలకూ నువ్వుంటే బావుంటుంది."

అందులో ప్రేమ లేదనలేం. లెక్క లేదనీ అనలేం. అతని భార్య ఉద్యోగానికి వెళ్తుంది, పిల్లలు బడి నుంచి మూడింటికే వస్తారు. ఆమె రెండు రోజులు ఆలోచించారు. ప్రార్థించారు కూడా. తమ్ముడి బస్సు టైముకు టిఫిను పెడుతూ చెప్పారు.

"సెలవులకు వస్తాన్రా. ఇల్లు మాత్రం అమ్మను."

అతను ఏడాదిపాటు సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.

ఆ ఇంటి ముందు గదిలో అప్పటికే ఓ అమ్మాయి ఉండేది. పల్నాడు వైపు పల్లె. తల్లి మిరప కోతలకు వెళ్లే మనిషి. హాస్టల్లో సీటు దొరక్క వచ్చిన పిల్ల ఇంటర్ అక్కడే పూర్తిచేసి నర్సింగులో చేరింది. ఆమె తర్వాత మరో ఇద్దరొచ్చారు. టీచరమ్మ వాళ్లను దత్తత తీసుకోలేదు, తన చేత అమ్మా అని పిలిపించుకోలేదు. బియ్యం ఆమెవి, ఇల్లు తుడవడం వాళ్ల వంతు. సాయంత్రం లెక్కలు, రాత్రి పడుకోబోయే ముందు ఓ కీర్తన.

మొన్నీమధ్య ఆ మొదటి అమ్మాయికి సంబంధం కుదిరింది. ప్రకటన కాగితం రాయించేటప్పుడు, సంరక్షకురాలిగా టీచరమ్మ పేరు పెట్టమని ఆ పిల్ల పాస్టరుగారిని బతిమాలింది. ఆయనకూ అభ్యంతరం లేదు. టీచరమ్మే ఒప్పుకోలేదు.

"మీ అమ్మ ఉండగా నా పేరెందుకే?"

మూడో ఆదివారం ప్రకటన వినడానికి పల్లె నుంచి తల్లి వచ్చింది. కొత్త చీరలో బెరుగ్గా, గుడి వెనక గోడవారగా నిలబడింది. టీచరమ్మ వెళ్లి చేయి పట్టుకుని రెండో వరుసకు తీసుకొచ్చారు. ఆ తల్లికి చదువు రాదు. అయినా కీర్తనల పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి పట్టుకుని, పాట ఎక్కడుందో వేలుపెట్టి చూపించారు.