తెరకెక్కని గొంతు

'మీ హైస్కూలు జీవితం గురించి వ్యాసం రాయండి' అంటుంది టీచరు. తోటి పిల్లలంతా స్నేహాలూ ఆటలూ విహారయాత్రలూ అంటూ రాసుకొస్తే, ఓ కుర్రాడు మాత్రం యవ్వనమనేదే పచ్చి అబద్ధమని తేల్చేస్తాడు. ఆ పేరుతో పొంగిపోయేవాళ్లందరినీ ఏకిపారేస్తాడు. టీచరుకి ఒళ్లు మండుతుంది. శిక్షగా తీసుకెళ్లి స్కూల్లోని 'సేవా సంఘం'లో పడేస్తుంది. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా దారి చూపించడం ఆ సంఘం పని. అందులో ఉన్నది ఒకే ఒక్కమ్మాయి. అందం, చదువు, డబ్బు అన్నీ ఉన్నాయి... స్నేహితులు తప్ప.

టోక్యోకి దగ్గర్లో ఉన్న చిబా నగరంలో మొదలయ్యే ఈ కథ, జపాన్‌లో ఈ శతాబ్దపు కుర్రకారు బాగా చదువుకున్న ప్రేమకథల్లో ఒకటి. పేరు చాంతాడంత. తెలుగులో చెప్పాలంటే 'అనుకున్నట్టే నా పడుచు ప్రేమ హాస్యకథ తప్పుదారి పట్టింది' అని. అంత పొడుగు పేరు పలకలేక అభిమానులు 'ఒరెగైరు' అని కుదించుకున్నారు. రాసింది వతరు వతరి. ఆయనదీ చిబానే. మొదటి సంపుటం 2011 మార్చిలో వచ్చింది. 2019 నవంబరులో 14వ సంపుటంతో అసలు కథ ముగిసింది. మధ్యలో వచ్చిన చిన్న కథల సంపుటాలు అదనం. లైట్ నవలలకు ఏటా ర్యాంకులిచ్చే ఓ ప్రసిద్ధ పుస్తకం 2014, 2015, 2016 సంచికల్లో వరసగా మూడుసార్లు దీనికే మొదటి స్థానం ఇచ్చింది.

లైట్ నవల అంటే జపాన్‌లో కోటు జేబులో పట్టే చిన్న పుస్తకం. అక్కడక్కడా బొమ్మలుంటాయి, సంభాషణలు ఎక్కువ, పేరాలు చిన్నవి. రైల్లో వెళుతూ చదువుకోవడానికి వీలుగా ఉంటుంది. కాస్త పేరొస్తే చాలు, దాన్ని అనిమేగా... అంటే జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్‌గా తీస్తారు. ఒరెగైరునీ తీశారు. 2013లో 13 భాగాలు, 2015లో మరో 13, కొవిడ్ వల్ల ఏప్రిల్ నుంచి జులైకి వాయిదా పడి 2020లో ఆఖరి 12. మొత్తం 38 భాగాలు. పద్నాలుగు సంపుటాల కథనూ చివరికంటా తీయడం ఆ రంగంలో అరుదు. చాలా నవలలకు ఒక విడత రావడమే గొప్ప. సగంలో ఆపేసి 'మిగతాది పుస్తకంలో చదువుకోండి' అని చేతులు దులుపుకొంటారు. ఆ లెక్కన ఒరెగైరు అభిమానులు అదృష్టవంతులే.

మరి లోటెక్కడ?

ఆ కుర్రాడి పేరు హచిమన్ హికిగయ. కథంతా అతనే చెబుతాడు. పైకి మాట్లాడేది తక్కువ, లోపల నడిచే మాటల ప్రవాహం మాత్రం ఆగదు. క్లాసులో ఎవరెక్కడ కూర్చున్నారో, ఎవరు ఎవర్ని చూసి నవ్వారో, ఆ నవ్వు వెనక ఏముందో అన్నీ లెక్కేస్తాడు. చిబా గొప్పలు చెప్పుకుంటాడు. గడ్డపాలు కలిపిన, పంచదార పాకంలాంటి ఆ ఊరి డబ్బా కాఫీని వేనోళ్ల పొగుడుతాడు. తనమీద తనే జోకులేసుకుంటాడు. చదువుతున్నవాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వుతూనే, ఎక్కడో ఓచోట ఆగిపోతారు. 'వీడు అబద్ధం చెబుతున్నాడు' అని అనుమానం వస్తుంది. చెబుతున్నది పాఠకుడికి కాదు, తనకు తానే!

ఉదాహరణకి, తనకు ఎవరూ అక్కర్లేదంటాడు. తీరా చూస్తే మిడిల్ స్కూల్లో ఓ అమ్మాయికి ఇష్టమని చెబితే తెల్లారేసరికి ఆ సంగతి క్లాసంతా తెలిసిపోయిన అవమానం అతని కడుపులోనే ఉంటుంది. ఆ తర్వాత ఏ ఆడపిల్ల దయగా మాట్లాడినా అందులో ప్రేమ వెతక్కూడదని ఒట్టేసుకుంటాడు. అందుకే సంఘంలో మూడో సభ్యురాలు యుయి యుయిగహమ నవ్వుతూ పలకరించినా పక్కకు తప్పుకుంటాడు. హైస్కూలు మొదటిరోజు యుయి కుక్కపిల్లను కాపాడబోయి అతను కారు కింద పడ్డాడు. కాబట్టి ఆమెది జాలి, లేదంటే రుణం... అంతే తప్ప ఇంకేమీ కాదని తేల్చేసుకుంటాడు. ఆ వాదన పుస్తకంలో మెట్టుమెట్టుగా నడుస్తుంది. ప్రతి మెట్టూ సరిగ్గానే కనిపిస్తుంది. చివరికొచ్చేసరికి మాత్రం అంతా తప్పు!

తెరమీద ఆ మెట్లు లేవు. గుమ్మం, ఆఖరి గది మాత్రమే ఉన్నాయి.

దీనివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఆరో సంపుటంలో స్కూలు ఉత్సవం వస్తుంది. నిర్వాహక బృందం అధ్యక్షురాలు సగామి అనే అమ్మాయి. బాధ్యత మోయలేక ముగింపు వేళకి మేడమీదికి వెళ్లి దాక్కుంటుంది. బతిమాలితే రాదు. హచిమన్ వెళ్లి అందరి ముందూ ఆమెను నానా మాటలూ అంటాడు. మిగతావాళ్లు అతణ్ని తిట్టి, ఆమెను ఓదార్చి కిందికి తీసుకెళతారు. కార్యక్రమం సజావుగా ముగుస్తుంది. చెడ్డపేరు మాత్రం హచిమన్‌ది.

తెరమీద ఈ ఘట్టం చూసినవాళ్లకు ఏమనిపిస్తుంది? 'అబ్బ, ఏం త్యాగం!' అని. సంగీతం వస్తుంది, గోడకు ఆనుకుని ఒంటరిగా కూర్చున్న కుర్రాడు కనిపిస్తాడు, కళ్లు చెమరుస్తాయి. ప్రపంచం అర్థం చేసుకోలేని వీరుడిగా అతణ్ని ఎంతమంది కుర్రాళ్లు నెత్తిన పెట్టుకున్నారో! పుస్తకంలో ఆ వీరత్వం అంత తేలిగ్గా చెల్లదు. అతని లెక్క, అతని గర్వం, 'ఇంతకన్నా చవకైన దారి లేదు, నష్టపోయేది నేనే కదా' అనే మొండితనం అన్నీ అతని మాటల్లోనే తెలుస్తుంటాయి. ఆ గర్వంలో భయం ఉందనీ తెలుస్తుంది. తర్వాత హిరత్సుక టీచరు అతనికి ఓ మాట చెబుతుంది: నువ్వు గాయపడుతుంటే చూసి బాధపడేవాళ్లూ ఉన్నారని. ఆ మాట తెరమీదా ఉంది. కాకపోతే అక్కడది మెచ్చుకోలులా వినిపిస్తుంది. పుస్తకంలో చెంపదెబ్బ.

పదహారేళ్ల పిల్లలు చూసే కథలో ఇది చిన్న తేడా ఏమీ కాదు. తనను తాను తక్కువ చేసుకోవడం గొప్ప గుణమని ఒకటి చెబితే, అది జబ్బని రెండోది చెబుతోంది. ఆ రెండూ ఒకే కథ!

ఏడో సంపుటంలో క్యోటో విహారయాత్ర. ఒక స్నేహితుడు తను ఇష్టపడ్డ అమ్మాయికి మనసులో మాట చెప్పాలనుకుంటాడు. ఆ అమ్మాయికేమో అది వినడం ఇష్టంలేదు. వింటే స్నేహబృందమే ముక్కలవుతుందని భయం. వెదురుతోపులో, దీపాల వెలుగులో అతను నోరు తెరవబోయేలోగా హచిమన్ ముందుకెళ్లి ఆమెను ప్రేమిస్తున్నానని అబద్ధం చెబుతాడు. ఆమె కాదంటుంది, గండం గడుస్తుంది. వెనక నిలబడి చూసిన యుకినో, యుయి మాత్రం విరిగిపోతారు. 2015 విడతలో ఈ తోపు చూడాల్సిందే. ఆకుల మధ్య నుంచి జారే వెలుగు, ఎవరూ కదలని ఆ కొన్ని క్షణాలు, యుకినోకి గొంతునిచ్చిన సవోరి హయామి పలికిన తీరు... ఏ వాక్యమూ సాటిరాదు. అయితే సంపుటం మొత్తాన్నీ రెండే రెండు భాగాల్లో ముగించేశారు. యాత్ర పొడవునా హచిమన్‌లో పేరుకున్న దిగులు, వేరే దారి కోసం వెతికి వెతికి దొరక్క అలసిపోవడం ఎగిరిపోయాయి. దాంతో ఆ అబద్ధం చప్పున తట్టిన ఉపాయంలా ఉంటుంది. నిజానికి అది చేతకానితనం.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. అనిమే భాగం నిడివి 24 నిమిషాలు. ముందు పాట నిమిషంన్నర, చివరి పాట నిమిషంన్నర తీసేస్తే కథకు మిగిలేది ఇరవై, ఇరవయ్యొక్కటి. లక్ష అక్షరాలుండే నవలను, నిమిషానికి 300 అక్షరాల చొప్పున వార్తలు చదివే వేగంతో చదివినా ఐదున్నర గంటలు పడుతుంది. దాన్ని నలభై నిమిషాల్లో ఇరికించాలి. ఏది తీసేస్తారు? సంఘటన తీసేస్తే కథ తెగుతుంది. సంభాషణ తీసేస్తే పాత్ర మూగబోతుంది. కత్తెరకు తేలిగ్గా దొరికేది మనసులో మాటే. మరో నవలకైతే దానివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. ఇక్కడ మాత్రం ఆ మాటలే కథ.

దర్శకులను తిట్టి లాభం లేదు. ఇలాంటి సీరియళ్లకు పెట్టుబడి పెట్టేది ప్రచురణకర్తలూ డిస్కులూ పాటలూ అమ్మేవాళ్లూ కలిసిన ఓ బృందం. తెరమీది కథ చూసి జనం పుస్తకం కొనుక్కోవాలని వాళ్ల ఆశ. పుస్తకానికి బదులు నిలబడే వస్తువు ఎవరికీ అవసరం లేదు. పైగా 2013 విడత తీసింది ఒక స్టూడియో, 2015 నుంచి మరొకటి. రెండో విడత మొదలవగానే ముఖాలే మారిపోయాయి. బొమ్మలు మరింత నాజూకయ్యాయి, నవ్వులు తగ్గాయి, నిశ్శబ్దాలు పెరిగాయి. మొదటి విడతలో కనీసం హచిమన్ వెటకారం చెవిన పడేది. రెండోదాంట్లో అతను మరీ మాట తక్కువ మనిషి అయ్యాడు. చూడముచ్చటగా ఉన్నది రెండోదే. అర్థంకావడం కష్టమైందీ అదే.

కాగితానికి మరో సౌకర్యం ఉంది. పదో సంపుటంలో ఎవరు రాశారో చెప్పని కొన్ని పేజీలు మధ్య మధ్యలో వస్తాయి. అవి హచిమన్‌వా, ఇంకెవరివా అని పాఠకులు తలలు పట్టుకున్నారు. చివరి సంపుటాల్లోనూ పేరు చెప్పకుండా ఆడపిల్లల మనసు మాట్లాడే చిన్న అధ్యాయాలున్నాయి. ఎవరి గొంతో పాఠకుడే పోల్చుకోవాలి. తెరమీద ఇది కుదరని పని. నటి నోరు తెరిచిందంటే మొదటి అక్షరానికే దొరికిపోతుంది!

పిలుపుల సంగతి సరేసరి. యుయి అతణ్ని 'హిక్కి' అనీ, యుకినోని 'యుకినోన్' అనీ ముద్దుపేర్లతో పిలుస్తుంది. హచిమన్ మాత్రం ఇద్దరినీ ఇంటిపేర్లతోనే పిలుస్తాడు. ఆ ఇంటిపేరు వెనక ఎంత దూరం, ఎంత జాగ్రత్త ఉన్నాయో 'మీరు' నుంచి 'నువ్వు'కి రావడానికి ఏళ్లు తీసుకునే తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కానీ జపాన్ బయట ఈ కథ తెలిసింది ముందు తెరమీదే. ఇంగ్లిషు పుస్తకం 2016లో గానీ రాలేదు. అంటే సీరియల్ మొదలైన మూడేళ్లకు. ఈలోగా హచిమన్ అంటే ఎవరో లోకమంతా ఖాయం చేసేసుకుంది.

ఇన్ని లోపాలున్న తెర ఒక్కచోట మాత్రం పుస్తకానికి సరిసమానంగా నిలబడింది. 2015 విడత ఎనిమిదో భాగం. దూరమైపోయిన ఆ ఇద్దరి ముందు హచిమన్ నిలబడి, తనకేం కావాలో చెప్పలేక చెప్పలేక, గొంతు పూడుకుపోతుండగా, కల్తీలేని నిజమైనదేదో ఒకటి కావాలని అడుగుతాడు. తకుయ ఎగుచి గొంతులో ఆ వణుకు వింటే రాతిగుండె కూడా కరుగుతుంది. ఎందుకంత బాగా కుదిరింది? మనసులో మాట మొదటిసారి పెదవి దాటింది కాబట్టి. తీసేయడానికి లోపల ఇంకేమీ మిగల్లేదు. విచిత్రమేమిటంటే, అంతకుముందు లోపలి గొంతు వినని ప్రేక్షకులు చాలామంది ఆ 'నిజమైనది' అంటే ఏమిటో తెలియక బిక్కమొహం వేశారు. పుస్తకం చదివినవాళ్లకు ఆ ప్రశ్నే రాలేదు.

చివరి విడతలో రాత్రివేళ రోడ్డు మీది కాలినడక వంతెన మీద యుకినోకి మనసు విప్పే దృశ్యం కూడా అలాంటిదే. 'ఇష్టం' అనే మామూలు మాట నోట రాక, డొంకతిరుగుడుగా జీవితమంతా తాకట్టు పెట్టేస్తాడు. ఆ మాటను అంతగా ఎందుకు తప్పించుకు తిరుగుతున్నాడో తెలిసినవాళ్లకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. తెలియనివాళ్లు 'సూటిగా చెప్పొచ్చుగా' అని విసుక్కుంటారు. వాళ్లదీ తప్పు కాదు.

ఆ ఆఖరి విడత బ్లూరే డిస్కుల్లో అమ్మకానికి వచ్చినప్పుడు ప్రత్యేక సంచికలతోపాటు ఓ కానుక జతచేశారు. ప్రేమ కుదిరాక ఏం జరిగిందో చెబుతూ వతరి కొత్తగా రాసిన నవల అది, డిస్కుకి కాస్త చొప్పున. అభిమానులు బొమ్మల పెట్టెలు కొనుక్కుని, ముందుగా విప్పింది ఆ పుస్తకాన్నేనంటే ఆశ్చర్యం ఏముంది!