పాతింటికి కొత్త ప్లానా... ముందు టేపు పట్టండి!

పాతబస్తీ ఇళ్లకు మూలలుంటాయి, మూలమట్టం ఉండదు. శాలిబండ నుంచి హుస్సేనీఆలం దాకా ఏ సందులోకి వెళ్లినా అంతే. సందు ఎటు తిరిగితే గోడా అటే తిరిగింది. తాత డంగుసున్నంతో కట్టించిన గోడ అడుగున్నర మందం. దాన్నానుకుని తండ్రి లేపిన ఇటుక గోడ తొమ్మిదంగుళాలు. కొడుకు వంటింటికి అడ్డం పెట్టింది నాలుగున్నరే. ఒక్క కప్పు కింద మూడు తరాల కొలతలు! ఇలాంటి ఇంటిని కంప్యూటర్లో గీయబోతే సాఫ్ట్‌వేర్‌ తికమకపడుతుందనుకుంటారు చాలామంది. అదేం పడదు. అడక్కుండానే గోడలన్నీ తిన్నగా నిలబెట్టి, గదులన్నీ నలుచదరం చేసి, చూడముచ్చటైన బొమ్మ చూపిస్తుంది. చిక్కంతా అక్కడే. ఆ బొమ్మలో ఉన్నది మీ ఇల్లు కాదు.

ఒకప్పుడీ పని ఇంజినీర్లదే. 1982లో వచ్చిన 'ఆటోక్యాడ్‌' నేర్చుకోవడానికి అమీర్‌పేట కోచింగ్‌ సెంటర్ల మెట్లెక్కిన కుర్రాళ్లు ఎందరో! 2000లో 'స్కెచప్‌' వచ్చాక మామూలు మనుషులకూ ధైర్యం వచ్చింది. దాన్ని 2006లో గూగుల్‌ కొంది, 2012లో ట్రింబుల్‌కి అమ్మేసింది. ఆ 2006లోనే పుట్టిన 'స్వీట్‌ హోమ్‌ 3డి' ఉచితం. ఇల్లు సర్దుకోవడానికి, గదులు మార్చుకోవడానికి ఓ కుటుంబానికి ఇది చాలు. ఆటోక్యాడ్‌ కోసం డబ్బు పోసే పనిలేదు. చివరికి ఇంజినీరు గీసేది ఎలాగూ అందులోనే కదా.

లాల్‌దర్వాజా దగ్గర ఇల్లొకటి అనుకోండి. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. అంటే 150 గజాలు. నడుమ 12 అడుగుల వాకిలి, పైన ఆకాశం. వాకిట్లో షాబాద్‌ బండలు, ఓ మూల తులసికోట. అన్నదమ్ములిద్దరు, వాళ్లమ్మ. ఇల్లు పంచుకోవాలి, కానీ అమ్మడానికి మనసొప్పదు. దక్షిణం వైపు తమ్ముడు పైన ఓ అంతస్తు వేసుకుంటానంటాడు. అన్నకూ అభ్యంతరం లేదు. మేస్త్రీ వచ్చే ముందు తమ్ముడి కొడుకు ల్యాప్‌టాప్‌ ముందు కూర్చుంటాడు.

వాడు మొదట చేయాల్సింది ల్యాప్‌టాప్‌ మూసేయడం. ఓ తెల్లకాగితం మీద ఇంటి బొమ్మ చేత్తో గీసుకుని, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఇంకొకర్ని పిలవాలి. ప్రతి గదికీ నాలుగు గోడలు కొలిస్తే సరిపోదు. మూల నుంచి మూలకు రెండు వైపులా ఏటవాలు కొలత తీయాలి. 12 అడుగులు, 9 అడుగుల గది తిన్నగా ఉంటే ఆ రెండు కొలతలూ సరిగ్గా 15 అడుగులే రావాలి. మన మేస్త్రీలు మూలమట్టం చూసేదీ ఈ లెక్కతోనే. పాతింట్లో ఒకటి 15 అడుగుల 5 అంగుళాలు, రెండోది 14 అడుగుల 7 అంగుళాలు వచ్చిందంటే గది ఒరిగిందన్నమాట. తొమ్మిదడుగుల గోడకు అరడుగు వాలు! కంటికి కనిపించదు. ఆరడుగుల బీరువా చేయించి మూలకు పెడితే మాత్రం వెనకాల నాలుగంగుళాల సందు పడుతుంది. బల్లులకు పండగే.

సాఫ్ట్‌వేర్‌కి ఈ వాలు చెప్పాలంటే దాని చాదస్తం వదిలించాలి. స్వీట్‌ హోమ్‌ 3డిలో 'మాగ్నెటిజం' అనే ఏర్పాటుంది. గోడ గీస్తుంటే అది 15 డిగ్రీల లెక్కకు లాగేస్తుంది. ఆటోక్యాడ్‌లో 'ఆర్థో' అయితే నిట్టనిలువు, అడ్డం తప్ప మరోవైపు పోనివ్వదు. పాతింటికి రెండూ ఆపేసుకోవాలి. ఏటవాలు గీత ముందు గీసి, దానికిరువైపులా గోడల కొలతలు కలిపితే గది తన అసలు ఆకారంలో కూర్చుంటుంది. తాత కాలం నాటి ప్లాను కాగితం ఉంటే ఇంకా మేలు. ఫొటో తీసి వెనకాల పరుచుకుని, తెలిసిన కొలత ఒకటి ఇస్తే మిగతాది అదే సరిచేసుకుంటుంది. ఫొటో మాత్రం కాగితానికి నిటారుగా తీయాలి. పక్కనుంచి తీస్తే వంకర లేని గోడలూ వంకరపోతాయి. అడుగులా, మీటర్లా అన్నది మొదటిరోజే తేల్చుకోవాలి. సగం గీశాక మార్చుకుంటే తలనొప్పి.

గోడ మందం దగ్గర అన్నదమ్ములకు అసలు పేచీ వస్తుంది. ఆ ఇంటి చుట్టూ అడుగున్నర గోడే ఉంటే లోపల మిగిలేది 27 అడుగులు, 42 అడుగులు. అంటే 126 గజాలు. దస్తావేజులో ఉన్న 150లో 24 గజాలు గోడల కిందే పోయాయి! నడిమి గోడలు ఇంకా లెక్కలోకి రాలేదు. మందపాటి గోడలు, మెట్లు ఒకరి వాటాలో పడి, సన్నగోడల గదులు మరొకరికి వస్తే కాగితం మీద సమానం, కాపురానికి కాదు. సాఫ్ట్‌వేర్‌ ఏ గదికా గది లోపలి వైశాల్యం చూపిస్తుంది. అయితే గోడ మందం అది తనంతట తాను సన్నగా పెట్టేస్తుంది కాబట్టి, ఒక్కో గోడకూ కొలిచి మార్చాలి. వైశాల్యం అడుగుల్లో వస్తే తొమ్మిదితో భాగించండి, గజాలొస్తాయి. పంపకం మాటలు ఆ తర్వాత మొదలుపెడితే కొన్ని మాటలు అనుకోకుండానే తప్పిపోతాయి.

అన్నిటికన్నా పనికొచ్చేదీ, ఎవరూ వాడనిదీ ఇంకొకటుంది. ఎండ. ఈ సాఫ్ట్‌వేర్లలో ఉత్తరం ఎటో చూపించి, ఊరు ఎక్కడుందో చెప్పి, తేదీ, టైమూ ఇస్తే నీడ ఎక్కడ పడుతుందో చూపిస్తాయి. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం 12 దాటాక సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా ఉన్న స్తంభానికి నీడే పడదు. ఆ రోజు పెట్టి చూస్తే ఏ వాకిలైనా వెలిగిపోతుంది. మోసపోవద్దు. చూడాల్సింది డిసెంబరు 21. ఆరోజు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు.

లాల్‌దర్వాజా ఇంటికి ఆ తేదీ పెట్టండి. దక్షిణం గోడ ఇప్పుడు 11 అడుగులు. నీడ తొమ్మిదిన్నర అడుగులు. పన్నెండడుగుల వాకిట్లో రెండున్నర అడుగుల మేర ఎండ మిగులుతుంది. చలికాలం ఆ ముసలమ్మ పీట వేసుకుని కూర్చునేది అక్కడే. తమ్ముడి అంతస్తు వేస్తే గోడ 22 అడుగులవుతుంది. నీడ వాకిలంతా మింగి, ఎదుటి గోడ మీద ఎనిమిదడుగులు ఎక్కుతుంది. ఇంచుమించు దీపావళి నుంచి శివరాత్రి దాకా మధ్యాహ్నపు ఎండ బండల మీద పడదు. ఈ సంగతి మనవడు తెరమీద చూపిస్తే ఆమె అడిగేది ఒక్కటే... "ఎండ యాడికి పోతదిరా?"

ఉత్తరం వైపు అంతస్తు వేస్తే ఈ గొడవే లేదు. కానీ ఉత్తరం ఎత్తు పెరగకూడదంటుంది వాస్తు. అన్న ఒప్పుకోడు. వాస్తు నమ్మేవాళ్లతో వాదన అనవసరం, బొమ్మ మార్చి చూపడం సులువు. దక్షిణం వైపు వరస 18 అడుగుల లోతు ఉందనుకోండి. పై గదిని వాకిలి అంచు నుంచి ఎనిమిదడుగులు వెనక్కి జరిపితే నీడ 11 అడుగుల దగ్గర ఆగుతుంది. కిందొక అడుగు ఎండ దక్కుతుంది. మూడడుగుల ఎత్తున్న తులసికోటకు అంతకన్నా ఎక్కువే. తమ్ముడికి గది పదడుగులకు తగ్గుతుంది, ముందు వడియాలు ఎండబెట్టుకునే డాబా వస్తుంది. తగ్గడానికి అతను ఒప్పుకుంటాడా? అది ఇంట్లోవాళ్లు కూర్చుని తేల్చుకోవాలి. గోడ లేచాక తేల్చుకునే విషయం మాత్రం కాదు.

సాఫ్ట్‌వేర్‌కి తెలియనివీ చాలా ఉన్నాయి. ఏ గోడ కప్పు మోస్తోందో దానికి తెలియదు. ఒక్క క్లిక్కుతో అడుగున్నర గోడ మాయం చేస్తుంది, పైన టేకు దూలాలు గాల్లో నిలబడే ఉంటాయి! పాత గోడ తీసేముందు, దానిపై అంతస్తు వేసేముందు స్ట్రక్చరల్‌ ఇంజినీరు వచ్చి చూడాల్సిందే. పక్కింటితో ఉమ్మడి గోడైతే వాళ్లనూ అడగాలి. చార్మినార్‌ లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. 2010లో సవరించిన చట్టం అది. ఆ హద్దు మీ తెరమీద కనిపించదు. మున్సిపల్‌ అనుమతికీ ఇంట్లో గీసుకున్న ప్లాను పనికిరాదు. 2020లో టీఎస్‌-బీపాస్‌, 2025లో బిల్డ్‌నౌ వచ్చాక అంతా ఆన్‌లైనే. లైసెన్సున్న నిపుణుడు నిబంధనల ప్రకారం మళ్లీ గీయాలి. అయినా మీ ప్లాను వృథా కాదు. ఆయనకు చెప్పాల్సిన మాట అదే చెబుతుంది.

ఇక ప్రింటు. మార్పు చేసినప్పుడల్లా తేదీ పెట్టి వేరే ఫైలుగా దాచుకోండి. అమెరికాలో ఉన్న బంధువులకు పంపినా ఏది కొత్తదో తెలుస్తుంది. ప్రింటు తీసేటప్పుడు 'ఫిట్‌ టు పేజ్‌' నొక్కకండి, స్కేలు చెడిపోతుంది. ఓ మూల పదడుగుల గీత గీసి పక్కన '10 అడుగులు' అని రాయండి. ఆ కాగితం జిరాక్సులో సాగినా కుంచించుకుపోయినా ఆ గీత చూసి పోల్చుకోవచ్చు. కొలతలు మాత్రం అంకెల్లో, పెద్దగా వేయించండి. మేస్త్రీ సున్నం చేతులతో పట్టుకునే కాగితం అది. ఏ-3 సైజు తీసుకుంటే ఆయన కళ్లద్దాలు వెతుక్కోనక్కర్లేదు.