ఈ పేజీకి ప్రూఫ్ చూడొద్దు

మన పత్రికలో అచ్చుతప్పులు దిద్దే పని నాది. మీరు పంపిన కవితలో 'ళ' ఉండాల్సిన చోట 'ల' పడితే పట్టుకునేది నేనే. 'శ', 'ష' దగ్గర మీలో చాలామంది నన్ను తిట్టుకుంటారని కూడా తెలుసు. ఈ అలవాటు క్లబ్‌లో చేరాక వచ్చింది కాదు. తొమ్మిదో తరగతిలోనే ఉంది. ఎర్ర పెన్నుతో నేను దిద్దిన మొట్టమొదటి రచన మా అమ్మ వంటల నోట్సు.

మాది చీరాల. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. నా పాత లెక్కల నోట్‌బుక్‌లో మిగిలిన తెల్లకాగితాలు అమ్మకి వంటల పుస్తకం. మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' లాంటి పుస్తకాలు కొనే ఇల్లు కాదు మాది. ఎవరో ఇస్తే వచ్చిన ఈనాడు 'వసుంధర' పేజీల్లోంచి కత్తిరించిన ముక్కలు నాలుగైదు అన్నం మెతుకులతో అంటించి ఉంటాయి. మిగతావన్నీ మనుషులు చెప్పినవే. అందుకే ప్రతి వంటకీ పైన చెప్పినవాళ్ళ పేరు ఉంటుంది. 'చిన్నత్త గోంగూర', 'రేషన్ షాపు పిన్ని రవ్వలడ్డు', 'బాపట్ల బస్సులో ఆవిడ చేపల పులుసు'. ఆ బస్సావిడ ఎవరో అమ్మకి ఇప్పటికీ తెలీదు. పులుసు మాత్రం మా ఇంట్లో నెలకోసారి ఉడుకుతుంది.

చివర్లో ఉన్నది 'మిషనక్క కేకు'. సందు చివర బట్టలు కుట్టే అక్కని అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆమెకి ఎవరో జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినావిడ చెప్పిందట. మా ఇంట్లో ఓవెన్ లేదు, బేకరీ కేకు కొనే అలవాటూ లేదు. చెల్లి పుట్టినరోజుకి అమ్మ ఐదు లీటర్ల కుక్కర్‌లో ఇసుక పోసి ఈ కేకు చేసేది. క్రీము ఉండదు, పైన పేరు ఉండదు. కుక్కర్ మూత తీయగానే వచ్చే వాసనకి పక్కింటి పిల్లలు పిలవకుండానే వచ్చేవాళ్ళు.

తొమ్మిదో తరగతిలో వ్యాసరచన పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. మా తెలుగు సార్ క్లాసందరి ముందు 'వీడికి భాష ఉంది' అన్నారు. ఆ సాయంత్రం భాష ఉన్న నేను ఇంటికొచ్చి, అమ్మ నోట్సు తీసి, కేకు పేజీలో తప్పులు వెతికాను. పదిహేడు దొరికాయి. ఒక్కోదానికీ సున్నా చుట్టి, కింద సార్ లాగే '2/10' వేసి, సంతకం కూడా పెట్టాను. అమ్మకి చూపిస్తే నవ్వింది. "బాగానే వచ్చినయ్యిగా మార్కులు" అంది. నేను అక్కడితో ఆగలేదు. కొత్త నోట్‌బుక్‌లో కేకు తయారీ విధానాన్ని చక్కటి తెలుగులో ఫెయిర్ కాపీ రాశాను.

ఆ ఫెయిర్ కాపీ నా దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ రూము తీసుకున్నాక సామానుతో పాటు వచ్చింది. మొన్న అక్టోబర్‌లో మా రూమ్మేట్ పుట్టినరోజు. నెలాఖరు, నలుగురి దగ్గరా కలిపి ఉన్న డబ్బుకి బేకరీలో పేస్ట్రీ ముక్కలు రావచ్చేమో గానీ కేకు రాదు. "మనకి కుక్కర్ ఉంది, నా దగ్గర రెసిపీ ఉంది" అన్నాను గొప్పగా.

ఒక్క అక్షరం తప్పు లేని నా రాత చూసి, అంతే తప్పు లేకుండా చేశాం. పిండి కలిపాం. ఇసుక వేడెక్కేలోపు వీడియో కాల్‌లో వాడి ఇంట్లోవాళ్ళు వచ్చారు. ఒక ఇరవై నిమిషాలు కబుర్లు. తర్వాత గిన్నె కుక్కర్‌లో పెట్టాం. ముప్పావుగంటకి మూత తీస్తే మధ్యలో గుంట పడిన నల్లటి అట్టు. వాసనే తేడాగా ఉంది. పుట్టినరోజు వాడు పెద్దమనసుతో ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "మామా, ఇది సర్ఫా?" అన్నాడు.

అమ్మకి ఫోన్ చేశాను.

"సోడా ఎంతేశావు?"

"ఒకటిన్నర చెంచా. అదే ఉందిగా."

"ఒకటిన్నరేందిరా! తినే సోడా అర చెంచానే. చెంచాడు వేసేది బేకింగ్ పౌడరు. రెండూ ఉంటయ్యి."

"రెండూ ఒకటే కాదా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "సోడా వేశాక ఎంతసేపు ఉంచారు?" అనడిగింది. చెప్పాను. "అది కూడా రాశానే నేను" అంది.

నిజమే, రాసింది. తీసేసింది నేను. 'బేకిన్ పొడరు', 'తినే సోడ' అని రెండు చోట్ల ఉంటే, ఒకే వస్తువుని అమ్మ తెలియక రెండు పేర్లతో రాసిందనుకుని కలిపేసి ఒకటిన్నర చేశాను. 'సోడ ఏశాక మాటలు పెట్టుకోవద్దు' అన్న వాక్యాన్ని వంటకి సంబంధం లేదని కొట్టేశాను.

ఇప్పుడు చూడండి. తినే సోడా అంటే సోడియం బైకార్బొనేట్. ఫస్టియర్ కెమిస్ట్రీలో అందరం రాశాం. అది పొంగించాలంటే పులుపు కావాలి. కేకులో ఆ పులుపు పెరుగులో ఉంటుంది. గ్లాసు పెరుగులోని పులుపుకి సుమారు అర చెంచా సోడా చాలు. అంతకు మించి వేస్తే పులుపుతో కలవని సోడా మిగిలిపోయి, వేడికి సోడియం కార్బొనేట్ అవుతుంది. అంటే చాకలి సోడా. మావాడు సర్ఫ్ అన్నది ఊరికే కాదు. బేకింగ్ పౌడర్ వేరు. అందులో సోడాతో పాటు పొడి రూపంలో ఆమ్లం ముందే కలిపి ఉంటుంది. మామూలుగా దొరికే రకం తడి తగిలినప్పుడు కొంత, వేడి తగిలాక ఇంకొంత పొంగుతుంది. సోడా అలా ఆగదు, పెరుగు తగిలిన క్షణం నుంచే బుడగలు మొదలు. ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే గ్యాస్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. 'మాటలు పెట్టుకోవద్దు' అన్నది రియాక్షన్ టైమ్ గురించి. నేను తీసేసిన వాక్యమే ఆ పేజీలో అసలు కిటుకు.

కుక్కర్ సంగతీ అంతే. 'రబ్బురు, ఇజిలు వొద్దు' అని రాసింది అమ్మ. నీళ్ళు పోసి విజిల్ పెడితే లోపల ఆవిరి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది పప్పుకి సరిపోతుంది. కేకుకి 170, 180 డిగ్రీల పొడి వేడి కావాలి. రబ్బరు, విజిల్ తీసేస్తే ప్రెషర్ నిలవదు, పిండిలోంచి వచ్చే ఆవిరి బయటికి పోతుంది. ఇసుక మంట నేరుగా తగలకుండా వేడిని సమంగా పంచుతుంది. ఇదంతా అమ్మకి తెలుసా అంటే, ఈ మాటల్లో తెలీదు. ఎంత తెలియాలో అంత తెలుసు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు పాత నోట్సు అడిగాను. బియ్యం డబ్బా మీది అరలోంచి తీసిచ్చింది. పేజీలు తిప్పుతూ వెళ్తే కేకు పేజీ వచ్చింది. ఎర్ర సున్నాలు, 2/10, నా సంతకం. తర్వాతి పేజీ తిప్పాను. ఖాళీ. ఇంకోటి. అదీ ఖాళీ. చివరి అట్ట దాకా ఏమీ లేదు.

తొమ్మిదో తరగతి నుంచి ఇప్పటికి ఆరేళ్ళు. ఆరేళ్ళలో అమ్మ ఒక్క వంట కూడా రాసుకోలేదు. నేనది గమనించనూ లేదు.

"ఎందుకమ్మా ఆపేశావు?" అని అడిగాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "నువ్వు మంచిగా రాస్తున్నావుగా. ఇంక నేనెందుకులే అనుకున్నా."

కోపంగా అనలేదు. అంటే బావుండేది.

కాసేపాగి తనే అంది. "మిషనక్క హైదరాబాదు కొడుకు దగ్గరికి పోయేముందు తాటిబెల్లంతో గవ్వలు చెప్పింది. పాకం ఎట్టా పట్టాలో ఎంత వివరంగా చెప్పిందో. రాసుకుందామనుకున్నా. ఇప్పుడు సగమే గుర్తుంది." అక్క ఫోన్ నంబరు ఉందా అంటే, పాత నంబరు పలకడం లేదంది.

ఆ గవ్వలు నేను మింగేసిన వంట. అలాంటివి ఇంకెన్నో అమ్మకే గుర్తులేదు. బస్సులో పరిచయమైన మనిషి నుంచి కూడా ఒక వంట తెచ్చుకుని దాచుకునే అలవాటున్న మనిషి, నా రెండు మార్కులకి ఆ అలవాటు మానుకుంది.

పండగ మర్నాడు ఇద్దరం కలిసి కేకు చేశాం. నేను కొలతలు చదివాను, తను కలిపింది. సోడా పడ్డాక ఇద్దరం నోరు మూసుకున్నాం. అప్పుడే చెల్లి వచ్చి ఏదో అడగబోతే అమ్మ చేత్తో సైగ చేసింది. కేకు పొంగింది. తినేటప్పుడు నోట్సు, పెన్ను అమ్మ ముందు పెట్టాను. నీలం పెన్ను. "ఇప్పుడా, చేతులు జిడ్డు" అంది. తిరిగొచ్చే రోజు పొద్దున చూస్తే, కేకు తర్వాతి పేజీలో 'మిషనక్క గవ్వలు' అని ఉంది. కింద సగం వంట. మిగతా సగానికి జాగా వదిలింది.

అమ్మని అడిగి, ఆ కేకు పేజీని ఉన్నదున్నట్టు కింద ఇస్తున్నాను. ఎడిటర్ గారికి మనవి: ఈ పేజీకి ప్రూఫ్ చూడొద్దు.

*మిషనక్క కేకు*

*టీలు గలాసుతో మైదపిండి ఒకటిన్నర. పంచెదార మెత్తంగా మిక్సి పట్టింది ముప్పావు. పెరుగు ఒక గలాసు, శానా పులవకూడదు. నూని అర గలాసు. బేకిన్ పొడరు చిన్న సెంచాడు. తినే సోడ అర సెంచా. యెనీల ఉంటె నాలుగు సుక్కలు లేకపోతె యాలక్కాయ.*

*కుక్కర్లొ ఇసక రెండేళ్ళ మందాన పోసి పైన గిన్ని పెట్టే స్టాండు. రబ్బురు, ఇజిలు వొద్దు. నీళ్ళు వొద్దు. మూతేసి పది నిముషాలు కాగాల. ముందు ఇది పొయ్యిమీద పెట్టి అప్పుడే పిండి కలపాల.*

*పెరుగు, పంచెదార, నూని కలిపి గిలక్కొట్టాల. మైద, పొడరు, సోడ జల్లిడ పట్టి అందులొ కలపాల. ఎక్కువ తిప్పకూడదు. సోడ ఏశాక మాటలు పెట్టుకోవద్దు.*

*నూని రాసి పిండి జల్లిన గిన్నిలొ సగానికి పొయ్యాల. సన్న సెగన ముప్పావుగంట. మద్దెలొ మూత తీసి సూడకూడదు. ఆకర్న సీపురుపుల్ల కడిగి గుచ్చితె అంటకూడదు.*

*సల్లారినాక తియ్యాల. ఆత్రం వొద్దు.*