చివరి రోజు లెక్క

ప్రవేశిక

మీలో కొందరు ఇతరుల ఇళ్లలో పని చేస్తూ ఉండవచ్చు. మరికొందరు మీ ఇంటి పనికి ఒక మనిషిని పెట్టుకొని ఉండవచ్చు. పనిలో చేరేటప్పుడు జీతం మాట్లాడుకోవడం అందరికీ తెలుసు. పని మానేసే రోజున లెక్క ఎలా తేల్చుకోవాలో మాత్రం చాలామంది ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. ఆ రోజు మా ఇంట్లో ఏం జరిగిందో మీకు చెబుతాను. చదువుతూ చదువుతూ పక్కన ఒక కాగితం పెట్టుకొని, నాతో పాటు మీరూ లెక్క వేయండి.

1. ఆమె వెళ్తానన్న రోజు

ఉద్యోగరీత్యా నేను తూర్పు ఢిల్లీలో ఉంటున్నాను. పాఠ్యపుస్తకాలు తయారుచేయడం నా పని. 2016 నుంచి మా ఇంట్లో ఒక ఆవిడ పని చేసేది. పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లా నుంచి వచ్చిన మనిషి. ఉదయం వచ్చి అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచి, కూరలు తరిగిపెట్టి వెళ్లేది. నన్ను ‘దీదీ’ అని పిలిచేది. వయసులో నాకంటే పెద్దది కాబట్టి నేనూ ఆమెను ‘దీదీ’ అనే పిలిచేదాన్ని. మా మాటలన్నీ హిందీలోనే. అది ఇద్దరికీ సొంత భాష కాదు.

2023 నవంబరు 19 సాయంత్రం ఆమె గుమ్మం దగ్గర నిలబడి, “దీదీ, ఊళ్లో మా అత్తకు పక్షవాతం వచ్చింది. చూసేవాళ్లు లేరు. ఇరవై మూడున రైలు. ఇక తిరిగి రాను” అంది.

ఆ క్షణంలో నాకు వచ్చింది జాలి కాదు, కోపం. నాలుగు రోజుల ముందు చెబితే ఇంకో మనిషిని ఎక్కడ వెతకాలి? ఆఫీసు పని ఎలా సాగుతుంది? పక్కింటావిడ ఒక సలహా కూడా ఇచ్చింది. “ముందు చెప్పకుండా మానేసేవాళ్లకు జీతం మొత్తం ఇవ్వకూడదు. సగం ఆపండి. అప్పుడు తెలిసివస్తుంది” అంది. ఆ మాట ఆ పూట నాకు సబబుగానే తోచింది. ఈ సంగతి మీ దగ్గర దాచను.

2. నేను వేసిన లెక్క

రాత్రి పద్దుల పుస్తకం తీశాను. ఆమె నెల జీతం 6,000 రూపాయలు. నవంబరుకు ముప్ఫై రోజులు. అంటే రోజుకు 200. ఇరవై రెండో తేదీ వరకు పని చేస్తే 4,400 అవుతుంది.

ఆ నెలలో రెండు రోజులు నాగా పెట్టింది. అందుకు 400 తీసేశాను. మే నెలలో కూతురి బడి ఖర్చులకు 3,000 అడ్వాన్సు తీసుకుంది. నెలకు 500 చొప్పున నాలుగు నెలలు పట్టుకున్నట్టు అడ్వాన్సు పేజీలో ఉంది. అంటే ఇంకా 1,000 బాకీ. అదీ తీసేస్తే మిగిలింది 3,000. ఒక పాత కుక్కరు, రెండు చీరలు కూడా ఇద్దామనుకున్నాను. అంతా న్యాయంగానే ఉందనిపించింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో మీకేమైనా తోచిందా? కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి. అయినా లెక్క తప్పు.

3. ఆమె చెప్పిన లెక్క

ఇరవై రెండున పని అయ్యాక ఆమెను కూర్చోమని కాగితం చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని వెంట తెచ్చుకుంది. ఆమె అంతా విని, నెమ్మదిగా ఇలా అంది.

“దీదీ, నేను చేరిన రోజు మీరే అన్నారు. నెలకు రెండు నాగాలకు కోత లేదని.”

నిజమే. నేనే అన్నాను. ఏడేళ్లుగా అలాగే నడిచింది. కోపంలో ఆ మాట నాకు గుర్తుకు రాలేదు.

“అడ్వాన్సు ఐదుసార్లు పట్టుకున్నారు, నాలుగు కాదు. మీరు మీ ఊరు వెళ్లిన నెల జీతం భయ్యా ఇచ్చారు. పదకొండు నోట్లు. అన్నీ ఐదువందలవే.”

మళ్లీ పుస్తకం తిరగేశాను. ఆ నెల మా వారు ఇంటి ఖర్చుల పేజీలో ‘పని జీతం 5,500’ అని రాశారు. అడ్వాన్సు పేజీలో మాత్రం రాయలేదు. నేను ఆ ఒక్క పేజీ చూసి లెక్క వేశాను. చదువు రాని మనిషి నోట్లు లెక్కపెట్టుకొని గుర్తుంచుకుంది. చదువు చెప్పే పుస్తకాలు రాసే నేను సగం పుస్తకం చూసి ఊరుకున్నాను.

అప్పుడు ఇద్దరం కలిసి కొత్త కాగితం మీద ఇలా రాశాం:

నవంబరు 1 నుంచి 22 వరకు, రోజుకు 200 చొప్పున: 4,400
నాగాలకు కోత: లేదు
మిగిలిన అడ్వాన్సు (3,000లో 2,500 తీరగా): 500
ఇవ్వవలసినది: 3,900

నా లెక్కకూ ఆమె లెక్కకూ తేడా 900 రూపాయలు. నాకది చిన్న మొత్తం. ఆమెకది నాలుగున్నర రోజుల కష్టం. ఆమె కూతురిని వెంట తెచ్చుకోకపోయినా, నోరు విప్పి అడగకపోయినా ఆ డబ్బు మా ఇంట్లోనే ఉండిపోయేది. నేను తప్పు చేశానని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

‘అంతటా బావా అను గాని వంగతోట దగ్గర మాత్రం బావా అనకు’ అని మనవాళ్లు అంటారు. ఏడేళ్లు ఒకరినొకరు దీదీ అని పిలుచుకున్నాం. ఆ పిలుపు మంచిదే. కాని లెక్క దగ్గర పిలుపు సరిపోదు. అక్కడ కాగితం ఉండాలి.

4. ఇంకా మిగిలిన బాకీ

లెక్క అక్కడితో తీరిందా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను రేపు ఉద్యోగం మానేస్తే నాకు ఏమేం వస్తాయో గుర్తుకు వచ్చింది. 1972లో మన దేశంలో గ్రాట్యుటీ చట్టం వచ్చింది. పదిమందీ అంతకంటే ఎక్కువమందీ పనిచేసే సంస్థల్లో, ఐదేళ్లు సేవ చేసి మానేసినవారికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. అందులో నెలకు 26 పని రోజులుగా లెక్క కడతారు. ఆ పద్ధతిలో 6,000ను 26తో భాగించి, 15తో, 7తో గుణిస్తే సుమారు 24,230 రూపాయలు వస్తుంది.

ఒక్క మనిషి పనిచేసే ఇల్లు ఆ చట్టం కిందికి రాదు. కాబట్టి అంత ఇవ్వమని నన్ను ఎవరూ అడగరు. కాని ఆమె ఏడేళ్ల పని నా ఏడేళ్ల పని కంటే తక్కువదా? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెల్లవారి రైలు వేళకు ముందే ఆమె గదికి వెళ్లి ఒక నెల జీతం, 6,000 ఇచ్చాను. అది పూర్తి లెక్క కాదని నాకు తెలుసు. అందుకే దాన్ని బహుమానమని అనలేదు. పాత కుక్కరు, చీరలు కూడా ఇచ్చాను గాని వాటిని జీతంలో కలపలేదు. వాడిన వస్తువులు ఇచ్చి జీతం ఇచ్చామనుకోవడం సరికాదు.

ఆమె నన్ను ఒకటే అడిగింది. “ఏడేళ్లు మీ ఇంట్లో పనిచేశానని రాసివ్వండి దీదీ. అక్కడ ఇంకో ఇంట్లో చూపించుకుంటాను.” రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాను. ఆమె కూతురు దాన్ని పైకి చదివింది. ఆమె ఆ కాగితాన్ని మడిచి డబ్బుతో పాటు దాచుకుంది.

5. మీకు ఉపయోగపడే నాలుగు మాటలు

ఇంటి పని కూడా పనే అని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటి పనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్లలో పనిచేసేవారి హక్కుల గురించి 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో వీరు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. కాని ఏ చట్టమూ మన వంటింటి గుమ్మం దగ్గర కూర్చొని లెక్క రాయదు. ఆ పని మనమే చేయాలి.

మీరు పనిచేసేవారైతే: చేరిన రోజే జీతం, నాగాలు, పండుగ డబ్బు ఎంతో మాట్లాడుకోండి. అడ్వాన్సు తీసుకున్నా, కోత పడినా ఆ రోజే ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రాయడం రాకపోతే ఇంట్లో పిల్లల చేత రాయించుకోండి. వీలైతే మానే ముందు కొన్ని రోజుల గడువు ఇవ్వండి. చివరి రోజున లెక్క చదివి వినిపించమని అడగండి. అది మర్యాద తప్పడం కాదు.

మీరు పని ఇచ్చేవారైతే: కోపం తగ్గాక లెక్క వేయండి. చేసిన రోజుల జీతం ఆపకండి. ముందు చెప్పలేదన్న కారణంతో కోయకండి. వెళ్లే రోజునే, ఆ మనిషి ఎదుటే, రెండు కాగితాల మీద రాసి లెక్క చుక్తా చేయండి. ఒకటి వారికి, ఒకటి మీకు.

ఆలోచించండి – రాయండి

1. రచయిత్రి మొదట వేసిన లెక్కలో జరిగిన రెండు పొరపాట్లు ఏవి?
2. ఒకామె నెల జీతం 4,500 రూపాయలు. ముప్ఫై రోజుల నెలలో 18 రోజులు పనిచేసి మానేసింది. అడ్వాన్సు బాకీ 700. ఆమెకు ఎంత ఇవ్వాలి? లెక్కను కాగితం మీద వివరంగా రాయండి.
3. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఇంట్లోనో తీరకుండా మిగిలిన బాకీ ఏదైనా ఉందా? దాని గురించి పది వాక్యాలు రాయండి. ఈ ప్రశ్నకు జవాబు పుస్తకం చివర ఉండదు.